రాయగోపురం రాని రేవు

రేవుల వెంట: ఏడో భాగం

పూజారి గడప లోపల వంగి దీపాన్ని గుంట మీదికి దించాడు. "నోడి, నోడి" అన్నాడు. చూశాం. నేలమట్టానికి రెండడుగుల కింద, తడి మెరుపులో, ఒక గరుకు రాయి. చెక్కుడు లేదు, నునుపు లేదు, పానవట్టం సొగసు లేదు. దీపం పక్కకు జరిగిందో లేదో గుంట మళ్లీ నల్లబడింది.

నా ముందున్న పెద్దావిడ మాటతీరు కోనసీమది. మనవడి భుజం ఊతంగా పట్టుకుని ముందుకు వంగి చూసి, "బయట అంత పెద్దాయన్ని కూర్చోబెట్టి ఈయన్నేంట్రా ఇలా గోతిలో పెట్టారూ?" అని అడిగింది. "బయటది బొమ్మే మామ్మా, ఇదీ దేవుడు" అన్నాడు కుర్రాడు. ఆవిడకు ఆ జవాబు నచ్చలేదు. నాకు మాత్రం ఈ వారం వ్యాసం ఆ గడప దగ్గరే దొరికింది.

మురుడేశ్వర్ కర్ణాటక తీరంలో, ఉత్తర కన్నడ జిల్లా భట్కళ్ తాలూకాలో ఉంది. మూడు వైపులా అరేబియా సముద్రం, నాలుగో వైపు ఊరు, మధ్యలో చిన్న గుట్ట. దాని పేరు కందుకగిరి. కందుకమంటే మనకూ బంతే కదా, దూరం నుంచి చూస్తే పేరు తప్పు పెట్టలేదనిపిస్తుంది. గుట్ట మీద 123 అడుగుల శివుడు. ఆయనకు దిగువన గుడి, గుడి ముందు 20 అంతస్తుల గోపురం. గోపురం గడప దగ్గర రెండు నిలువెత్తు కాంక్రీటు ఏనుగులు. కాచిగూడ నుంచి ఇప్పుడు నేరుగా రైలు వస్తోంది కాబట్టి ప్రసాదం వరుసలో తెలుగు బాగానే వినబడుతుంది. గత వారం గోకర్ణంలో ఆగినవాళ్లం, దక్షిణంగా దాదాపు 80 కిలోమీటర్లు దిగి ఇక్కడికి చేరాం.

కథ కూడా గోకర్ణం నుంచే దిగింది. పాఠకులకు గుర్తుండే ఉంటుంది: రావణుడు కైలాసం నుంచి ఆత్మలింగాన్ని మోసుకొస్తున్నాడు, లంక చేరేదాకా నేల మీద పెట్టకూడదు. విష్ణువు చక్రం అడ్డుపెట్టి సూర్యుణ్ణి దాచాడు, సంధ్యవేళ అయిందనుకుని రావణుడు అర్ఘ్యానికి దిగాడు, పశువుల కాపరి వేషంలో ఉన్న వినాయకుడి చేతికి లింగాన్నిచ్చాడు. కుర్రాడు మూడుసార్లు పిలిచి కింద పెట్టేశాడు. అది పాతుకుపోయింది. రావణుడు పెకలించబోయాడు, లింగం ఆవు చెవిలా మెలిపడింది గానీ ఊడలేదు. అక్కడిదాకా గోకర్ణం కథ. ఆ తర్వాత వచ్చిన కోపం మిగతా ఊళ్ల కథ. లింగం పెట్టిన పెట్టెను విసిరాడు, అది కారవార వైపు సజ్జేశ్వరంలో పడింది. పెట్టె మూత గుణవంతెలో పడింది. కట్టిన తాడు కుమట దగ్గర ధారేశ్వరంలో పడింది. పైన కప్పిన వస్త్రం మాత్రం ఎగిరెగిరి వచ్చి కందుకగిరి మీద వాలింది. మృడుడంటే శివుడు, అమరకోశం చదివినవాళ్లకు కొత్త కాదు. ఆ మృడేశ్వరుడే మురుడేశ్వరుడయ్యాడని స్థలపురాణం.

ఈ కథ చెప్పడానికి మనకు పూజారి అక్కర్లేదు, సినిమా చెప్పేసింది. 1958 నాటి 'భూకైలాస్'లో ఎన్టీఆర్ రావణుడు, ఏఎన్నార్ నారదుడు, జమున మండోదరి. ఏవీఎం వాళ్లు తీశారు, కె. శంకర్ దర్శకుడు. అదే ఏడు కన్నడంలో రాజ్‌కుమార్ రావణుడిగా అదే కథ వచ్చింది. అంతకంటే ముచ్చటైన సంగతి 1940 నాటి తొలి తెలుగు 'భూకైలాస్'ది. సుందరరావు నాదకర్ణి తీసిన ఆ సినిమాలో రావణుడు సుబ్బయ్యనాయుడు, నారదుడు ఆర్. నాగేంద్రరావు, ఇద్దరూ కన్నడ నాటకరంగం వాళ్లు. అక్కడ రంగస్థలం మీద బాగా ఆడిన నాటకాన్నే తెలుగు సినిమాగా తీశారు. అంటే ఈ కథను కన్నడ నటులే మనకు తెలుగులో వినిపించారు. ఇప్పుడు మురుడేశ్వర్ శివుడి పీఠం కింద ఉన్న గుహలో రావణుడి తపస్సు నుంచి లింగం పాతుకుపోవడం దాకా బొమ్మల కొలువులా నిలబెట్టారు. గుహ పేరు కూడా భూకైలాసమే. కోనసీమ మామ్మ అందులోంచి బయటికొస్తూ, "ఎన్టీవోడు లేడుగానీ కథ తప్పుల్లేకుండా చెప్పారు" అంది.

స్థలపురాణాన్ని చరిత్రగా చదవకూడదు, నిజమే. కానీ పటంగా చదవొచ్చు. ఈ ఐదు గుళ్లూ ఇప్పటి ఒక్క జిల్లా తీరంలోనే ఉన్నాయి. ఆ తీరాన్ని కాళి, గంగావళి, అఘనాశిని, శరావతి కోసుకుంటూ సముద్రంలో కలుస్తాయి. వంతెనలు పడకముందు ఇక్కడ ఉత్తరం నుంచి దక్షిణానికి వెళ్లాలంటే ప్రతి నది దగ్గరా పడవెక్కాల్సిందే. నది కలిసే చోటల్లా ఒక రేవు, రేవున్న చోటల్లా ఒక సుంకం, సుంకమున్న చోటల్లా ఒక చిన్న రాజు. ఒకే పెట్టె ముక్కలు ఇన్ని చోట్ల పడ్డాయని చెప్పుకున్న కథ, ఈ చెల్లాచెదురు తీరానికి ఒక తాడు కట్టింది. అది పూజారుల పటమో, పడవవాళ్ల పటమో చెప్పలేను. రెండూ అయ్యుండొచ్చు.

ఆ రేవుల్లో మనకు, అంటే తెలుగువాళ్లకు, బాగా కావలసింది భట్కళ్. మురుడేశ్వర్ నుంచి దక్షిణంగా 13, 14 కిలోమీటర్లు. శివుడి బొమ్మ చూసి తిరుగు బండెక్కే యాత్రికుల్లో అక్కడ దిగేవాళ్లు తక్కువ. శరాబి అనే చిన్న నది ఒడ్డున ఇరుకు వీధులు, మసీదులు, పాత బస్తీలో పెంకుటిళ్లు. ఇక్కడి నవాయతు ముస్లింల భాష కొంకణికి దగ్గరిది, అందులో అరబ్బీ, పారశీక మాటలు గుప్పెడు గుప్పెడుగా ఉంటాయి. సముద్రం దాటి వచ్చిన అరబ్బు వర్తకుల సంతతి తామని చెప్పుకుంటారు. వాళ్ల పూర్వీకులు తెచ్చిన సరుకుల్లో అన్నిటికంటే విలువైనది నాలుగు కాళ్ల మీద నడిచేది.

విజయనగరానికి గుర్రాలు కావాలి. దక్కనులో మేలుజాతి గుర్రం పుట్టి పెరగడం కష్టం, పెరిగినా అరబ్బీ గుర్రంతో సాటి రాదు. ఉత్తరాన బహమనీలకూ అదే ఆకలి. హొర్మూజ్ నుంచి, ఏడెన్ నుంచి ఓడల్లో వచ్చిన గుర్రాలు ఎవరి రేవులో దిగితే యుద్ధంలో సగం వాళ్లదే. ఇందులో ఎంత బెట్టు ఉండేదో నూనిష్ రాసిన ఒక సంగతి చెబుతుంది. 1535 ప్రాంతంలో విజయనగరంలో ఉన్న పోర్చుగీసువాడతను, గుర్రాల వ్యాపారి. అతని లెక్కన సాళువ నరసింహరాయలు మూడు గుర్రాలకు వెయ్యి పర్దావుల బంగారం చొప్పున, బతికినా చచ్చినా కొనేవాడు. సముద్రంలో చచ్చిపోతే వర్తకుడు తోక ఒక్కటి కోసి తెచ్చి చూపించేవాడు, రాజు గుర్రం బతికున్నట్టే సొమ్మిచ్చేవాడు. గుర్రాల వ్యాపారి చెప్పిన గుర్రాల ధర కాబట్టి కాస్త తగ్గించుకుని నమ్మండి. అయినా అందులోని తెలివి కనబడుతూనే ఉంది. ప్రయాణంలో నష్టం రాజు భరిస్తాడంటే వర్తకుడు ఇంకో రేవు వైపు ఓడ తిప్పడు. చంద్రగిరిలో ఎదిగి సింహాసనం ఎక్కిన ఆ రాజు, ఇప్పటి బీమా కంపెనీ చేసే పనిని 15వ శతాబ్దంలోనే చేశాడు.

అన్నీ ఇంత తియ్యగా జరగలేదు. 1479లో భట్కళ్ ముస్లిం వర్తకులు గుర్రాలను బహమనీలకు అమ్ముతున్నారన్న కోపంతో విజయనగర రాజు వాళ్లను ఊచకోత కోయించాడని, మిగిలినవాళ్లు గోవాకు పారిపోయారని పోర్చుగీసు చరిత్రకారుడు బారోష్ రాశాడు. చనిపోయినవాళ్లు పదివేలన్నాడు. సంఘటన జరిగి డెబ్బై ఏళ్లు దాటాక రాసినవాడు, పైగా వర్తకంలో ముస్లింలకు పోటీదారు దేశంవాడు. అంకెను నేను పట్టించుకోను. కానీ సంఘటనను కొట్టేయడానికీ లేదు. సాళువ నరసింహుడి తోకల బేరం ఆ నెత్తురు తర్వాతిది. భయపెట్టి పోగొట్టుకున్న వర్తకులను డబ్బు పోసి తిరిగి రప్పించుకోవలసి వచ్చిందన్నమాట. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చదివితేనే 'ఆముక్తమాల్యద' నాలుగో ఆశ్వాసంలోని రాజనీతి ఎక్కణ్ణుంచి పుట్టిందో తెలుస్తుంది. శ్రీకృష్ణదేవరాయలు అందులో రాజుకు చెప్పే సలహా సూటిగా ఉంటుంది: రేవులు బాగుచెయ్యి, గుర్రాలూ ఏనుగులూ మణులూ గంధమూ ముత్యాలూ దిగనీ, దూరదేశపు గుర్రాల వర్తకులకు ఊళ్లూ పట్నంలో మంచి ఇళ్లూ ఇచ్చి, దర్శనమిచ్చి, లాభం చూపించి నీవాళ్లను చేసుకో, ఆ సరుకు శత్రువుకు చేరనివ్వకు. మనం దీన్ని కావ్యంలోని నీతిగా పాఠం చెప్పుకుంటాం. భట్కళ్ బందరులో నిలబడి తలుచుకుంటే సుంకాధికారికి రాసిన ఉత్తరంలా ఉంటుంది.

ఆ బందరు ఇప్పుడు చేపల పడవలది. నేను వెళ్లిన రోజు ఫిబ్రవరి ఎండ, ఒడ్డున ఎండబెట్టిన చేప వాసన, మంచు గడ్డలు దించుతున్న లారీ. ఇంత సన్నని నీటిపాయలోకి ఓడలు ఎలా వచ్చాయనిపించింది. పెద్ద ఓడలు బయటే లంగరేసుకుంటే చిన్న పడవల్లో సరుకు లోపలికి చేరేసేవాళ్లని ఊహించుకోవాలి. సరుకైతే సరే, పడవ ఊగుతుంటే బెదిరే గుర్రాన్ని ఎలా దించారో! దిగాక కనుమలెక్కాలి. 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన దొమింగు పాయిష్, భట్కళ్ దారి అడవుల గుండా పోయినా చదునుగా, పక్కనే నీళ్లతో ఉంటుందని, అందుకే ఏటా ఐదారు వేల ఎద్దులు సరుకు మోసుకుని ఆ రేవుకొస్తాయని రాశాడు. ఎద్దులు దిగుతాయి, గుర్రాలు ఎక్కుతాయి. పైనుంచి బియ్యం, మిరియాలు, బెల్లం, ఇనుము కిందికి. కింది నుంచి గుర్రాలు, రాగి, ముత్యాలు పైకి. హంపిలో మహానవమి దిబ్బ గోడల మీద రాతి గుర్రాలను లాక్కెళ్తున్న విదేశీయుల బొమ్మలుంటాయి, చూసినవాళ్లకు గుర్తుండే ఉంటాయి. ఆ వరుస ఎక్కడ మొదలైందని అడిగితే ఈ చేపల ఒడ్డు వైపు చూపించొచ్చు.

పోర్చుగీసులకు ఆ విలువ తెలియడానికి ఎన్నాళ్లో పట్టలేదు. 1502లో రెండోసారి వచ్చిన వాస్కో డ గామా భట్కళ్ ముందు ఓడలు నిలిపి, ఏటా ఇన్ని మూటల బియ్యం కప్పం కట్టాలని, ఇక్కడ మిరియాలు అమ్మకూడదని షరతులు పెట్టాడు. నావికులకు ముతక బియ్యం, కప్తానులకు సన్నబియ్యం వేర్వేరుగా అడిగాడట. దండయాత్రలో కూడా పంక్తిభేదం! 1510లో పోర్చుగీసు గవర్నరు అల్బుకెర్క్, లూయిష్ అనే పాదిరీని రాయల దగ్గరికి రాయబారం పంపాడు. గుర్రాలు మీకే ఇస్తాం, దక్కను సుల్తానులకు ఇవ్వం, ఈ తీరంలో మాకో చోటివ్వండి అన్నది బేరం. రాయలు తొందరపడలేదు. ఆ ఏడాదే నవంబరులో గోవా పూర్తిగా అల్బుకెర్క్ చేతికి చిక్కింది, బేరం తిరగబడింది. గుర్రాల ఓడలన్నీ గోవాకే రావాలన్నాడు. రాని ఓడను సముద్రంలోనే పట్టుకునేవాళ్లు. భట్కళ్ ఒక్క రోజులో చచ్చిపోలేదు గానీ గుర్రాల రేవుగా దాని వైభవం కరిగిపోతూ వచ్చింది. రాయలకు గుర్రాలు ఆగలేదు, అమ్మే చెయ్యి మాత్రం మారింది.

ఇక్కడ ఒక ప్రశ్న చాలాకాలంగా నన్ను కుడుతోంది. రాయలకు ఇంత కావలసిన తీరమిది. కాళహస్తిలో 1516లో గోపురం ఎత్తించాడు, తిరువణ్ణామలైలో 217 అడుగుల గోపురం మొదలుపెట్టించాడు, తమిళదేశంలో ఎక్కడికెళ్లినా 'రాయగోపురం' అన్న మాటే ఆ రాజుల ముద్ర. మరి పడమటి తీరంలో? గోకర్ణం మొదలు భట్కళ్ దాకా పాత గుళ్లు వరుసగా చూసుకుంటూ వచ్చాను. అలాంటి గోపురం ఒక్కటీ కనబడలేదు. అన్నీ వంగి నిలబడ్డ గుళ్లే.

జవాబు వానలో ఉందని నేననుకుంటున్నాను. ఈ తీరంలో ఏటా 3,000 మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. అందులో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరులోపే. పైగా సముద్రం మీంచి అడ్డంగా కొడుతుంది. సున్నంతో, ఇటుకతో, బొమ్మలతో నింపిన ఎత్తైన గోపురం కాంచీపురం ఎండలో వందేళ్లు నిలుస్తుంది, ఇక్కడ ఏ ఏటికా ఏడు నాచు పట్టి నానుతుంది. అందుకే ఇక్కడి స్థపతులు ఇంకో దారి పట్టారు. భట్కళ్‌లో ఖేతపై నారాయణ గుడి చూస్తే తెలుస్తుంది, 16వ శతాబ్దానిది. రాతి పలకలనే చెక్క పలకల్లా ఒకదాని మీదొకటి వాలుగా పేర్చి కప్పు వేశారు. కప్పు చుట్టూ దిగువదాకా జారి ఉంటుంది. కర్రల కంచెలా రాతి పట్టీలతో చుట్టూ ఆవరణ. వడ్రంగి చేయాల్సిన పనిని శిల్పి చేస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. బయటి గోడల మీద రామాయణం, అక్కడక్కడ చిలిపి బొమ్మలు. ఊళ్లోని చంద్రనాథ బసదిలోనూ అదే వాలు కప్పు. జైనుడైనా వైష్ణవుడైనా వానకు తల వంచక తప్పలేదు. నేను గుడికెళ్లేసరికి తాళం వేసి ఉంది. పక్కింటి ఆవిడ తాళంచెవి ఉన్న మనిషి కోసం పిల్లాణ్ణి పంపింది. అతను వచ్చేలోపు అరగంట, అటుపక్క నుంచి ఇంకో మనిషి ఒక్కడూ రాలేదు. మురుడేశ్వర్‌లో అదే సమయానికి గోపురం లిఫ్టు దగ్గర వరుస రోడ్డు దాకా ఉంది.

విజయనగరం తర్వాతి కథ త్వరగా చెప్పేస్తాను. సాళువ వంశపు జైన రాణి చెన్నభైరాదేవి గేరుసొప్ప నుంచి ఈ రేవులను 1552 మొదలు 54 ఏళ్లు ఏలింది. పోర్చుగీసులు మిరియాల రాణి అన్నారు. ఆవిడకు వచ్చే వారమంతా కేటాయించాను కాబట్టి ఇప్పుడు ముట్టుకోను. ఆమెను కెళది నాయకులు ఓడించారు. వాళ్ల తర్వాత హైదర్, టిప్పు. 1799లో ఇంగ్లీషువాళ్లు. మొదట మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న ఈ జిల్లాను 1862లో బొంబాయికి మార్చారు. ఈ మార్పులన్నిటిలో మురుడేశ్వర్ పేరు పెద్దగా వినబడదు. చుట్టుపక్కల వాళ్లకు తెలిసిన గుట్ట, గుట్ట మీద గుంటలో దేవుడు, ఒడ్డున బెస్తల గుడిసెలు.

ఆ ఊళ్లో 1928లో ఒక రైతు ఇంట్లో రామ నాగప్ప శెట్టి పుట్టాడు. కాంట్రాక్టరయ్యాడు. హిడకల్, తట్టిహళ్ల ఆనకట్టలు, కాలువలు, రోడ్లు, 1998లో పూర్తయిన కొంకణ్ రైల్వే మీది సొరంగాల్లో కొన్ని ఆయన సంస్థ కట్టినవే. కొండ తొలిచి, నది ఆపి సంపాదించిన చేత్తోనే సొంతూరి గుడి పట్టుకున్నాడు. గుడి బాగుచేయించాడు, ఆస్పత్రి కట్టించాడు, హోటళ్లు కట్టాడు, బొమ్మ పెట్టించాడు, గోపురం ఎత్తించాడు. 2020 డిసెంబరులో, 92 ఏళ్ల వయసులో పోయాడు. ఆలయ ప్రాంగణంలో ఏ మూల చూసినా ఒక రాజు కట్టించినట్టే ఉంటుంది. కాకపోతే ఈ రాజుకు దండు లేదు, టెండర్లు ఉన్నాయి.

గోపురం 2008లో తెరిచారు. ఎత్తు 237 అడుగుల పైచిలుకు. శ్రీరంగం రాజగోపురం 236. ఆ ఒక్క అడుగు యాదృచ్ఛికం కాదని ఎవరికైనా అనుమానం వస్తుంది, నాకూ వచ్చింది. శ్రీరంగానిదీ చిత్రమైన సంగతే. విజయనగర కాలంలో అచ్యుతరాయల నాటికి మొదలై మొండిగా ఆగిపోయిన గోపురాన్ని నాలుగు వందల ఏళ్ల తర్వాత 1987లో పూర్తిచేశారు. అంటే రాయలవాళ్ల పోటీ 20వ శతాబ్దం దాటి 21వ శతాబ్దంలోకి వచ్చింది. రాయలు ఈ తీరానికి తేని గోపురం 500 ఏళ్ల తర్వాత వచ్చింది, లిఫ్టుతో సహా. వానకు తలవంచే గుళ్ల తీరంలో వానకు ఎదురు నిలబడ్డ కట్టడం. సున్నం చేయలేనిది సిమెంటు చేస్తుందన్న ధైర్యం.

ఇక్కడే కాళహస్తి గుర్తుకురాక తప్పదు. రాయల గోపురం 2010 మే 26 రాత్రి కూలిపోయింది. 494 ఏళ్లు నిలబడింది. ముందు పగుళ్లు కనిపించాయి, మనుషులను దూరం పెట్టారు, ఆ తర్వాత ఒక్కసారిగా మట్టిదిబ్బ. మురుడేశ్వర్ గోపురం తెరిచి అప్పటికి రెండేళ్లు. 2017లో కాళహస్తిలో కొత్త గోపురం ప్రతిష్ఠించారు. కూలిన రోజు టీవీ ముందు కూర్చుని ఏడ్చినవాళ్లు నాకు తెలుసు. కాంక్రీటుకు ఎన్నేళ్ల ఆయువుంటుందని ఇంజనీర్లను అడిగితే సముద్రపు ఒడ్డున ఉప్పు సంగతే మొదట చెబుతారు. ఉప్పుగాలి సిమెంటు సందుల్లోంచి లోపలి ఇనుముకు చేరుతుంది. ఇనుము తుప్పుపట్టి ఉబ్బుతుంది. ఉబ్బితే పైనున్న సిమెంటు పెచ్చులూడుతుంది. రంగులు వేస్తూ, పెచ్చులు పూడుస్తూ ఉండాల్సిందే. పెంకుటిల్లుకు ఏటేటా పెంకులు సర్దినట్టు. వానకాలం పోయాక ఇక్కడ రంగులవాళ్లకు పని దొరుకుతుందట.

లిఫ్టు 18వ అంతస్తు దాకా తీసుకెళ్తుంది. చిన్న కిటికీ. అందులోంచి చూస్తే 123 అడుగుల శివుడు ఎదురుగా, కళ్లు మన ఎత్తుకు కింద. వెనకంతా సముద్రం. శివమొగ్గకు చెందిన శిల్పి కాశీనాథ్, ఆయన బృందం కట్టారు. రెండేళ్లు పట్టిందని, ఐదు కోట్ల రూపాయలు అయిందని చెబుతారు. డమరుకం పట్టిన చెయ్యిని ఒకసారి గాలి విరగ్గొట్టిందని కూడా అక్కడివాళ్లు చెప్పుకుంటారు. పొద్దున ఎండ నేరుగా ముఖం మీద పడేలా కూర్చోబెట్టారు. ఆ సమయంలో చూస్తే వెండిలా మెరుస్తాడు. మధ్యాహ్నానికి సిమెంటు సిమెంటులాగే కనిపిస్తుంది, అది ఎవరి తప్పూ కాదు. ప్రపంచంలో రెండో ఎత్తైన శివుడని గైడ్లు ఇప్పటికీ గుక్కతిప్పుకోకుండా చెబుతున్నారు. 2022లో రాజస్థాన్ నాథద్వారలో 369 అడుగుల శివుడు తెరిచాక, నేపాల్ సాంగాలో 140 అడుగులు దాటినవాడు అంతకుముందు నుంచే ఉండగా, ఆ లెక్క పాతబడింది. మన పరిటాల ఆంజనేయుడే 135 అడుగులు, 2003 నుంచి హైదరాబాదు, విజయవాడ రోడ్డు మీద నిలబడి ఉన్నాడు. ఎత్తు పందెంలో దేవుళ్లను దింపితే గెలిచినవాడు ఎక్కువకాలం గెలిచి ఉండడు.

అయినా నేను ఆ బొమ్మను తీసిపారేయను. భక్తికి గుంటలోని రాయి చాలు. యాత్రకు చాలదు. నాలుగు రాష్ట్రాల నుంచి ఒక మూల ఊరికి జనం రావడానికి, బెస్తవాడి కూతురు హోటల్లో గుమస్తా ఉద్యోగం చేయడానికి, కాచిగూడ రైలు ఇక్కడిదాకా పొడిగించుకోవడానికి రెండడుగుల లోతు దేవుడు సరిపోలేదు. ఇక భట్కళ్ గురించి అనుకుంటే కాస్త బాధ. ఒకప్పుడు ఓడలన్నీ అక్కడ దిగి, మురుడేశ్వర్ పక్క నుంచి చూసీ చూడనట్టు పోయేవి. ఇప్పుడు బస్సులన్నీ ఇక్కడ ఆగి, భట్కళ్‌ను చూసీ చూడనట్టు పోతున్నాయి.

కిటికీ దగ్గర రద్దీ పెరిగింది. ఒడ్డున పడవలు లాక్కుంటున్నవాళ్లు బియ్యపు గింజల్లా కనిపిస్తున్నారు. దూరంగా నీళ్ల మధ్య నేత్రాణి ద్వీపం, ఒక మచ్చ. ఆకాశం తేటగా ఉంది కాబట్టి కనబడింది. కోనసీమ మామ్మ కూడా పైకొచ్చింది. మనవడు శివుడి ముఖాన్ని చూపించబోతే ఆవిడ అటు చూడలేదు. కింద, గోపురం నీడలో నలుగురు మోసుకొస్తున్న వలను చూస్తోంది. "బాబూ, వీళ్లకీ చేపలు పడ్డాయంటావా?" అని నన్నడిగింది. తెలియదన్నాను. కిందికి దిగాక వెళ్లి చూశాం. అర గంప బూతాయిలు, రెండు పీతలు. ఆవిడ బేరమాడింది, కొనలేదు. రైల్లో వాసనొస్తుందని మనవడు ఒప్పుకోలేదు.

వచ్చే వారం శరావతి వెంట ఎగువకు, గేరుసొప్పకు. హొన్నావరంలో దిగి బస్సు మారాలి. అక్కడి చతుర్ముఖ బసది చూడాలనుకునేవాళ్లు వాన మొదలవకముందే బయల్దేరండి.